నిమ్మరసంలో ఉడికిన మాంసం

మా అక్క ఖంఫాయి కొడుకు కొత్త ఇంటికి నిట్టాడు స్తంభం నిలబెట్టిన రోజు ఎద్దును కోశారు. నా కూతురు బువలైకి అప్పుడు నాలుగో నెల. అల్లుడు బ్యాంకాక్‌లో పనిలో ఉన్నాడు.

అక్క పచ్చిమాంసం సన్నగా తరిగి, కారం, వేయించిన బియ్యప్పొడి, పుదీనా కలిపి నిమ్మకాయలు పిండింది. ఎర్రటి ముక్కలు తెల్లబడ్డాయి. మెకాంగ్ ఒడ్డున మా ఊళ్లో ఉడికినదాన్ని "సుక్" అంటాం. సుఖానికీ మాకు అదే మాట.

"సుక్ అయిందే, తిను," అని బువలై ముందు పెట్టింది.

"పచ్చిది కదత్తా. నర్సు వద్దంది."

"ఆ నర్సు ఎప్పుడైనా కడుపు మోసిందా? నిమ్మరసం పడ్డాక ఏ పురుగు బతుకుతుందే? మీ అమ్మ నిన్ను మోస్తూ దోసిళ్లతో తినింది."

నా భార్య పోయి ఆరేళ్లు. లేచొచ్చి కాదనదని అక్క ధైర్యం.

"అబద్ధం. అది ఏనాడూ ముట్టలేదు," అన్నాను.

"పెళ్లాం ఉన్నప్పుడు నోరు లేవలేదు, ఇప్పుడు లేస్తోందిరా నీకు?" అంది. పంక్తంతా నవ్వింది. పదిమందిలో పెద్దదాన్ని కాదనలేక బువలై తినింది.

కొన్నాళ్లకు దాని మెడలో బిళ్లలు కట్టాయి. కాస్త జ్వరం. తగ్గిపోయింది.

ఏడో నెల స్కానింగ్‌లో డాక్టరమ్మ తెరను మా వైపు తిప్పి చూపించింది. బిడ్డ తలలో నీరు చేరింది. నెత్తురు పరీక్షలో టాక్సోప్లాస్మా అని తేలింది.

"పచ్చిమాంసంలో, పిల్లి పెంటలో ఉండే క్రిమి. తల్లికి పెద్దగా తెలియదు. కడుపులో బిడ్డకు కళ్లూ మెదడూ దెబ్బతింటాయి."

"నిమ్మరసం పోసి తిన్నానండీ," అంది బువలై.

"దానికి చావదమ్మా. బాగా ఉడికితేనే చస్తుంది."

"మందు?" అన్నాను.

"ఇస్తాను. పోయినదాన్ని అది తిరిగి తెచ్చేది కాదు. మిగిలినదాన్ని కాపాడొచ్చు. ఎంత మిగిలిందో పుట్టాకే చెప్పగలను."

సంగతి తెలిసి అక్క మా పిల్లిని గోనెలో మూటగట్టి, పడవ మీద మెకాంగ్ దాటించి లావోస్‌లో వదిలించింది. "పాపిష్టిది, అదే చేసింది," అని ఊరంతా చెప్పింది. పిల్లికి నోరు లేదు. అక్కకు ఉంది. నేను ఆమె గడప మళ్లీ తొక్కలేదు. దానివల్ల బిడ్డకు ఒరిగిందేమీ లేదు.

బువలై పూటపూటా మాత్రలు మింగుతోంది. నిన్న నా చెయ్యి లాక్కుని కడుపు మీద పెట్టుకుంది.

"తన్నింది చూడు నాన్నా. ఇంత గట్టిగా తన్నేది గుడ్డిదెలా అవుతుంది?"

నేను చెయ్యి తియ్యలేదు. మళ్లీ తన్నింది.