సంప్రదించాల్సిన నంబరు

జొన్నరొట్టెలకి పిండి పిసుకుతుంటే ఫోన్ మోగింది. రెండు చేతులకీ పిండే. మోచేత్తో నొక్కి స్పీకర్ పెట్టాను.

"అమ్మా, డోన్ నుంచి మాట్లాడతాండా. మీ శిల్పాల సైటు ఫోన్లో తెరిస్తే సగం బొమ్మే అగపడతాంది. అచ్చరాలు సీమల మాదిరి ఉండాయి. ఆ నంది ఎత్తెంతో రోంత సదివి చెప్తావా?"

చదవక్కర్లేదు, నాకు అన్నీ నోటికొచ్చు. రెండడుగులు, నల్లరాయి, లారీ బాడుగ వేరే. చెప్పాను.

ఆళ్లగడ్డలో మా ఇంటి పక్కనే మా ఆయన సురేష్ శిల్పాల షెడ్డు. రెండేళ్ల కిందట నంద్యాలలో ఎవరితోనో వెబ్‌సైటు చేయించాడు. కంప్యూటర్లో చూస్తే ఎంత బాగుంటుందో. కానీ విగ్రహాలు కొనేవాళ్లలో కంప్యూటరు ముందు కూర్చునేవాళ్లు ఎంతమంది? అందరూ ఫోన్లో తెరుస్తారు, కనపడక అందులో ఉన్న నంబరుకి ఫోన్ చేస్తారు. ఆ నంబరు నాది. "ఉలి పట్టుకున్నోన్ని నేనెట్ల ఎత్తేది? నువ్వు ఇంట్లో ఊరికే ఉంటావు గదా" అని నాదే పెట్టించాడు. ఫోన్లో సరిగ్గా కనపడేలా మార్పించమని ఎన్నిసార్లు చెప్పానో. "తొందరేముంది? బేరాలు బాగనే వస్తాండాయి" అంటాడు. వస్తున్నాయి, నేను చదివి చెబుతున్నాను కాబట్టి. ఆ మాటంటే మా అత్త రామలక్ష్మమ్మ "ఫోన్లో మాట్లాడేది గూడా ఒక పనేనా" అని నవ్వుతుంది. ఒళ్లు మండిపోతుంది నాకు.

డీఎస్సీకి చదువుతున్నాను. పాఠాలు వినేదీ ఈ ఫోన్లోనే. పిల్లల మనస్తత్వం గురించి పాఠం మొదలవగానే ఎవరికో వినాయకుడి తొండం ఎటు తిరిగిందో కావాలి. అది చెప్పి మళ్లీ పెట్టుకుంటే ఇంకొకరికి పీఠం వెడల్పు కావాలి. అరగంట పాఠం అయిదు ముక్కలైతే ఏం తలకెక్కుతుంది? పోయినసారి రెండు మార్కులతో ఉద్యోగం తప్పిపోయింది. ఈసారి పరీక్షకి నలభై రోజులుంది.

నిన్న నంద్యాల కోచింగ్ సెంటర్లో గ్రాండ్ టెస్టు రాశాను. మూడు గంటలు ఫోన్ బయట సంచిలో ఉంది. వచ్చి చూస్తే పంతొమ్మిది మిస్డ్ కాల్స్, ఆరు ఆయనవే. ఇంట్లో కాలు పెట్టగానే, "పాములపాడు గుడోళ్లు వేరేవాళ్ల తావకి పోయినారు. ఫోనెత్తకుంటే యాపారమెట్ల జరగాల?" అన్నాడు. పరీక్ష ఎలా రాశావని అడగలేదు. ఏడుపేమీ రాలేదు, విసుగొచ్చింది.

కొత్త విగ్రహాల ఫోటోలు సైటులో ఎక్కించేదీ నేనే, పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది. డోన్ ఆయన ఫోన్ పెట్టేశాక చేతులు కడుక్కుని, నా నంబరు తీసేసి మా ఆయన నంబరు పెట్టాను. తర్వాత రొట్టెలు కాల్చి, ఆయనకి పెడుతూ ఆ సంగతి చెప్పాను. తినడంలో పడి ఊ అన్నాడు.

పాఠం పెట్టుకుని కూర్చున్నాను. షెడ్డులో ఉలి చప్పుడు ఆగింది. మొదలైంది. మళ్లీ ఆగింది. "రెండడుగులప్పా, రెండు" అని ఆయన అరుస్తున్నాడు. పదకొండు దాటేసరికి ఒంటినిండా రాతిపొడితో వచ్చాడు.

"ఆ సైటు చేసినోని నంబరు యాడుంది? ఈ పొద్దే మార్పించాల."

"మన సైట్లోనే, అడుగున ఉంది. చూసుకో."

ఫోన్ తీశాడు. రెండు వేళ్లతో సాగదీశాడు, పక్కకి జరిపాడు, దూరం పెట్టి చూశాడు, కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ చూశాడు.

"ఏం అగపడల్యా. రోంత సదివి చెప్పు" అన్నాడు.

నేను పాఠం ఆపలేదు.