ఇద్దరూ దాచిన లెక్క

"ఈ డిపాజిట్ మీద లోన్ ఉంది సార్. అది పోగా మీకొచ్చేది ఇంతే" అంటూ బ్యాంకు ఉద్యోగిని ఒక చీటీ మీద అంకె రాసి అద్దం కిందుగా జరిపింది.

లిఫ్టు మెకానిక్ ఆ చీటీ వైపు గుడ్లప్పగించి చూశాడు. పక్కన కూతురు కాలేజీ సీటు కాగితాల ఫైలు గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. వచ్చే శుక్రవారంలోగా ఫీజు కట్టాలి. ఆ పిల్ల పుట్టిన ఏడాది మొదలుపెట్టి, పద్దెనిమిదేళ్లు దాచిన డబ్బు అది. ఇప్పుడు మిగిలింది హాస్టల్ ఖర్చుకైనా చాలదు.

"పొరపాటు పడ్డారమ్మా. నేను ఏ లోనూ తీసుకోలేదు."

"మీ ఇద్దరి పేరు మీదా ఉంది కదా సార్, ఎవరి సంతకమైనా చాలని రాసిచ్చారు. నిరుడు మేడమ్ సంతకం పెట్టి తీసుకున్నారు."

ఇరవై అంతస్తుల ఎత్తున, అడుగున చీకటి తప్ప ఏమీ కనిపించని చోట పనిచేసే మనిషి. అక్కడ ఎప్పుడూ తడబడనివాడు, బ్యాంకు కౌంటరు అంచు పట్టుకుని ఆ అంకెను మళ్లీ చదివాడు.

భార్య నర్సు. కూతుర్ని వెంటబెట్టుకుని తిన్నగా ఆసుపత్రికి వెళ్లాడు. వార్డు బయట ఆమె మందుల ట్రాలీ సర్దుతోంది.

"నాకు మాటైనా చెప్పకుండా పిల్ల చదువు తాకట్టు పెట్టావా?"

"మెల్లగా అండీ, పేషెంట్లున్నారు." ఆమె ముఖం పాలిపోయింది. "మీ మోకాలి ఆపరేషన్‌కి ఇన్సూరెన్స్ వాళ్లు సగమే ఇచ్చారు. మంచం మీదున్న మనిషికి ఏమని చెప్పను? నెలనెలా తీర్చేద్దామనుకున్నాను. ఏ నెలకానెల ఏదో ఒకటి వచ్చిపడింది."

అతని కోపం అక్కడికక్కడే చప్పబడిపోయింది. ఆమె కళ్లు తుడుచుకుని ధైర్యం కూడగట్టుకుంది.

"అయినా కొంప మునిగిందేమీ లేదు. మీ కంపెనీలో రిటైర్మెంట్ సొమ్ము ఉందిగా. అది తీద్దాం. మన సంగతి తర్వాత చూసుకోవచ్చు."

అతను నేల చూపులు చూశాడు.

"ఏమండీ?"

"లేదు."

"ఏది లేదు?"

"ఆ సొమ్ము. మూడుసార్లు తీశాను. కారు కొన్నప్పుడోసారి, క్రెడిట్ కార్డుల బాకీ కోసం రెండుసార్లు. బోనస్ వచ్చిందని నీకు చెప్పింది అదే."

నర్సు పక్కనున్న కుర్చీలో కూలబడింది. అతనికి యాభై మూడేళ్లు. ఉద్యోగం ఇంకో ఏడేళ్లు. ఇన్నాళ్లూ ఆమె అతని సొమ్మును, అతను ఆ డిపాజిట్‌ను చూసుకుని నిశ్చింతగా ఉన్నారు. రెండూ ఖాళీయే.

"నాన్నా, బోనస్‌తో అని నాకు కొన్న లాప్‌టాప్ కూడా ఆ కార్డుల మీదేనా?" అంది కూతురు.

అతను తలూపాడు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

"డబ్బు లేదమ్మా అని ఒక్క మాట అనుంటే నేను అర్థం చేసుకునేదాన్ని కాదా? చదువుకైతే నాకు లోన్ ఇస్తారు, ఉద్యోగం వచ్చాక తీర్చుకుంటాను. రేపు మీకు డెబ్బై ఏళ్లొస్తే, బతకడానికి మీకెవరిస్తారు లోన్?"

నర్సు లేచి, కూతురి చేతిలోని ఫైలు అందుకుని తెరిచింది.

ఆ ఆదివారం ముగ్గురూ భోజనాల బల్ల మీద బిల్లులన్నీ పరిచారు. మొత్తం నర్సే కూడి, ఆ అంకె కింద రెండు గీతలు గీసింది. కారు అమ్మారు, ఆ డబ్బుతో కార్డుల బాకీ తీర్చి, వాటిని కత్తిరించి పారేశారు. కూతురు హాస్టల్ కాలేజీ వదులుకుని, ఊళ్లోనే సగం ఫీజుకొచ్చే కాలేజీలో తన పేరున లోన్‌తో చేరింది. ఆ ఎంపిక ఆమెకు సులువు కాలేదు, హాస్టల్ కాలేజీ కాగితాలను చింపలేక దాచుకుంది. జీతం రాగానే ముందుగా ముసలితనానికని కొంత పక్కకు వెళ్తోంది. కొంచెమే. ఏడేళ్లలో పూడే గొయ్యి కాదని వాళ్లకు తెలుసు.

మన ఇళ్లలో పిల్లల మార్కుల గురించి మాట్లాడుకుంటాం, పక్కింటి గొడవల గురించి మాట్లాడుకుంటాం. జీతమెంత, అప్పెంత, మిగిలిందెంత అని మాత్రం ఒకరినొకరు అడగం. భార్యాభర్తలు ప్రేమకొద్దీ దాచుకున్నా సరే, దాచిన అప్పుకు వడ్డీ ఇల్లంతా కట్టాల్సిందే.