మొహం మీద పూలు

ఎదురు వరసలో కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆవిడ పాలావిడతో అందట. పాలావిడ గుమ్మంలో క్యాను దించి పేజీలక్క చెవిన వేసింది.

"బ్యాంకావిడ లేదూ, అత్తగారి ఫొటోలు సంచీలో వేసుకుని షాపు షాపూ తిరుగుతోందట. మార్కెట్టు వెనకాల ఆల్బాలవాడు మావల్ల కాదమ్మా అని దణ్ణం పెట్టేశాడట. ఏం చెయ్యమని అడిగిందో మరి."

పేజీలక్క అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. ముందు గదిలో పొడుగాటి బల్ల వేసుకుని స్క్రాప్‌బుక్కులు చేస్తుంది. మందపాటి కాగితం మీద ఫొటోలు, రంగు ముక్కలు, రిబ్బన్లు, కాగితం పూలు, నాలుగు చేతిరాత మాటలు కూర్చి, చూసినవాళ్ళు పేజీ తిప్పబుద్ధి పుట్టక కూర్చుండిపోయేలా చేస్తుంది. మంచిదే గానీ ఆమెకో యావ ఉంది. ఇంకొకడు చేతులెత్తేసిన పని తనవల్ల అయిందని అనిపించుకోవాలి. పాలావిడ చెప్పినదాంట్లో 'మావల్ల కాదు' అన్న ముక్క ఒక్కటే ఆమె చెవికి తియ్యగా తగిలింది.

ఆ మధ్యాహ్నమే బ్యాంకావిడ వచ్చింది. బొటనవేలు నాలికకు అద్దుకుంటూ, నోట్లు లెక్కపెట్టినట్టు ఫొటోలు బల్ల మీద పరిచింది. ప్రతి ఫొటో అంచునా ఎంగిలి తడి. పేజీలక్క తుడుపుగుడ్డ దగ్గరికి లాక్కుంది.

"అత్తయ్యకి డెబ్భై ఐదు నిండుతున్నాయి. శనివారం చుట్టాలంతా వస్తారు. పేజీలు చూస్తే కళ్ళు చెదరాలి."

ముసలమ్మ ఎక్కడుంటే అక్కడ, పక్కనే కళ్ళజోడు పెట్టుకున్న ఒక సన్నటి మనిషి. ఒకదాంట్లో ఆసుపత్రి మెట్ల మీద ముసలమ్మ మోచెయ్యి పట్టుకుని ఉంది. ఇంకోదాంట్లో గెడ్డం తుడుస్తోంది. మరోదాంట్లో నేల మీద కూలబడి ముసలమ్మ కాలిగోళ్ళు తీస్తోంది.

"ఈవిడెవరు?"

"మా ఆడపడుచు. ట్యూషన్లు చెప్పుకుంటుంది. తొమ్మిదేళ్ళుగా అత్తయ్య దాని దగ్గరే ఉంటోంది." బ్యాంకావిడ ఆ మొహం మీద గోటితో గీరింది. "దీన్ని తీసెయ్యాలి."

"ఈ ఒక్కదాంట్లోనా?"

"అన్నిట్లోనూ. ఎక్కడ చూసినా ఇదే ఉంటే చుట్టాలేమంటారు? కొడుకూ కోడలూ ఏ గాడిదల్ని కాస్తున్నారని అడగరూ?"

చెప్పుకింద ఏదో మెత్తగా నలిగితే కాలు విదిలించుకోవాలనిపిస్తుంది చూడండి, పేజీలక్కకు అలా అనిపించింది.

"పాత ప్రింట్లండీ. నెగటివులు కూడా ఉండి ఉండవు. నేను అసలు ఫొటో మీద కత్తెర పెట్టను."

"కొయ్యకపోతే కప్పండి. ఆ షాపువాడు చేతకాదన్నాడు. మీకూ చేతకాకపోతే ఇప్పుడే చెప్పెయ్యండి, ఇంకొకళ్ళని చూసుకుంటాను."

"ఉంచి వెళ్ళండి," అంది పేజీలక్క. అనేశాక తన నోటిని తనే అసహ్యించుకుంది. కానీ ఫొటోలు తిరిగివ్వలేదు.

మామూలుగా ఆమె ఫొటోలను నాలుగు మూలలా కాగితం గూళ్ళలో నిలబెడుతుంది, రేపెప్పుడైనా తీసుకోవచ్చని. పూలు కూడా పలచటి జిగురుతోనే. ఈసారి గట్టి జిగురు తీసింది. పార్టీలో ఏ పిల్లో పిల్లాడో గిల్లితే పువ్వు ఊడి మొహం బయటపడిందనుకోండి, పరువు పోయేది తన పనితనానికే. ఆసుపత్రి మెట్ల పేజీలో కళ్ళజోడు మీద లేతనారింజ రంగు గులాబీ పెట్టింది. భుజం మీదికి రెండాకులు, మోచేతిని పట్టుకున్న చెయ్యి పొడుగునా రిబ్బను. ముసలమ్మ ఇప్పుడు రిబ్బను పట్టుకుని మెట్లు దిగుతున్నట్టుంది. కాలిగోళ్ళ పేజీలో వంగిన వీపు మీద ఓ పూలబుట్ట.

మూడోనాడు పేజీలన్నీ గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కు వేసి చూసింది. పేజీలో అన్నిటికన్నా అందమైనది ఎక్కడుంటే కన్ను మొదట అక్కడికే పోతుంది. తన దగ్గర నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకి మొదటిరోజు చెప్పే పాఠమే ఇది. ప్రతి పేజీలోనూ కన్ను తిన్నగా వెళ్ళి ఆ మనిషి ఉన్నచోటే పడుతోంది. దాచినచోట దీపం పెట్టినట్టుంది.

బుద్ధున్న మనిషైతే అక్కడే ఆగేది. పేజీలక్క మళ్ళీ బల్ల ముందు కూర్చుంది. ఒక్కో పేజీకి అదే రంగులో ఇంకో రెండేసి పూలు చుట్టి, మిగతా మూలల్లో పెట్టింది. కన్ను ఇప్పుడు మూడుచోట్లా తిరిగి, చివరికి మధ్యలో ముసలమ్మ నవ్వు మీద వాలుతోంది. భేషుగ్గా కుదిరింది. కుదిరిందని సంతోషం కూడా వేసింది, అదీ రోత. గోళ్ళలో ఇరుక్కున్న జిగురు చీమిడిలా సాగింది. మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా ఆ పులిసిన వాసన పోక, అన్నం కంచం పక్కకు నెట్టేసింది.

శుక్రవారం బ్యాంకావిడ చూసి మురిసిపోయింది. "ఇక్కడో మనిషి ఉందని కన్నతల్లి కూడా పట్టలేదు," అంది. పేజీలక్క సిగ్గులేకుండా, "థాంక్సండీ," అంది.

"నాకు కేకు పనుంది. రేపు పొద్దున్న ఎవర్నో ఒకర్ని పంపిస్తా."

పొద్దున్న వచ్చింది ట్యూషను టీచరే. కళ్ళజోడు చూడగానే పేజీలక్క పోల్చుకుంది. ఆ వేళకి కత్తెర సాన పట్టించుకున్న కబుర్లతో కుట్టుమిషనావిడ కూడా అక్కడే తిష్ఠ వేసి ఉంది.

"మా వదిన పుస్తకం తెమ్మంది," అంటూ టీచరు చెయ్యి చాచింది.

"ప్యాకు చేసేశానండీ. ఇంటికెళ్ళి చూసుకోండి."

"అమ్మకి చూపు ఆనదు. ఏ పేజీలో ఏముందో పక్కన కూర్చుని చెప్పాల్సింది నేనే. ముందు ఓసారి చూసుకోనివ్వండి."

కాగితం విప్పింది. మొదటి పేజీ చూసి నవ్వింది. రెండోది చూసింది. మెట్ల ఫొటో దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాత గబగబా తిప్పింది, వెతుకుతున్నట్టు. చివరి పేజీ దాకా వెళ్ళి వెనక్కొచ్చి, గులాబీ మీద వేలుపెట్టి నొక్కింది.

"ఇక్కడ నేనుండాలే," అంది.

"నేను కొయ్యలేదండీ," అంది పేజీలక్క. "పైన అంటించానంతే."

"అయితే ఊడదీయండి."

"గట్టి జిగురండీ. లాగితే కింద బొమ్మ కూడా లేచొచ్చేస్తుంది." పేజీలక్క తుడుపుగుడ్డతో చేతులు తుడుచుకుంది. "మీ వదినగారు అలా చెయ్యమన్నారు. నాకు మాత్రం బావుందా? చీదరేసింది. మూడు రోజులు అన్నం సయించలేదు, ఒట్టు."

కుట్టుమిషనావిడ అందుకుంది. "చేయించుకునేవాళ్ళు ఎలా చెబితే అలా చేస్తారు గానీ, చేసేవాళ్ళ చేతుల్లో ఏముందమ్మా, పాపం."

టీచరు పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది. పేజీలక్క కళ్ళలోకి చూసింది.

"మా వదిన సంగతి నాకు కొత్త కాదు. అంత చీదరేస్తే మీరు ఇంత అందంగా ఎందుకు చేశారు?"