తావత్తు

సోమయ్య ఎడమచేత స్టిక్కు అనే చిన్న ఇనుప పళ్ళెం పట్టుకొని, కుడిచేత్తో పెట్టె గళ్ళలోంచి సీసపు అక్షరాలు ఏరి అందులో పేరుస్తున్నాడు. కళ్ళతో పనిలేదు. సూర్యాపేటలోని ఆ చిన్న అచ్చుకూటంలో ఏ అక్షరం ఏ గడిలో ఉందో పద్దెనిమిదేళ్ళుగా ఆయన వేళ్ళకే తెలుసు. బొటనవేలి గోరు ఎప్పుడో నల్లబడి, ఇక తెల్లబడటం మానేసింది.

గుమ్మం దగ్గర సువార్తమ్మ పొద్దుటినుంచీ నిలబడి ఉంది. చివ్వెంల బడిపంతులు మత్తయ్య భార్య. రజాకార్లకు ఊరి గుట్టు చెప్పింది మత్తయ్యేనని పోయినవారం ఇక్కడ అచ్చయ్యే పత్రికలో పడింది. నిజానికి చెప్పింది మట్టయ్య అనే వేరే మనిషి.

"బడికి ఒక్క పోరడు వస్తలేడు. మా సారు అన్నం ముడ్తలేడు," అంది ఆవిడ.

యజమాని కాగితం పట్టుకొని వచ్చాడు. తప్పు ఒప్పుకోవడమంటే ఆయనకు ఆముదం తాగినట్టే. "సవరణ ఏస్తున్నం తల్లీ. మా సోమయ్య సెయ్యి జారింది. నేను మట్టయ్య అని రాస్తే మత్తయ్య అని పెట్టిండు."

సోమయ్య చెయ్యి ఆగింది. మత్తయ్య అని రాసింది ఈయనే. "జర కనుక్కోరాదు పటేలా?" అని ఆనాడు తను అడిగితే, "ఎవడైతేంది, పత్రిక అమ్ముడువోతది, పెట్టు" అన్నదీ ఈయనే. రాసిన కాగితం మర్నాడే పొయ్యిలోకి పోయింది.

యజమానిని పక్కకు పిలిచి, "పటేలా, త ఒక గడిల ఉంటది, తావత్తు ఇంకో గడిల ఉంటది. సెయ్యి ఒక్క గడిల జారుతది గాని రెండు గళ్ళల్ల ఎట్ల జారుతది?" అన్నాడు.

"సదివేటోళ్ళకు నీ గళ్ళెక్కడ ఎరుక? నీ పేరుతోనయితేనే సవరణ. లేకుంటే లేదు."

సోమయ్యకు ఒళ్ళు మండింది. ఆ అక్షరాలు తప్ప ఆయనకు వేరే పరువు లేదు. ఈ మాట అచ్చయితే కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఇంకెవరూ పనికి పిలవరు. సువార్తమ్మ వైపు చూశాడు. ఆవిడ యజమానిని చూడటం లేదు, సోమయ్య చేతిలోని స్టిక్కునే చూస్తోంది.

"నా సెయ్యే జారిందమ్మా," అన్నాడు. "సారును అన్నం తినమని సెప్పు."

సవరణ తనే కూర్చాడు, "కంపోజిటరు సోమయ్య పొరపాటువల్ల" అన్న మాటలతో సహా. ప్రూఫులో ఒక్క తప్పు లేదు. కిరసనాయిలుతో చేతులు కడుక్కొని, తువాలు భుజాన వేసుకొని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

మర్నాడు యజమాని వచ్చేసరికి గళ్ళపెట్టె మీద స్టిక్కు ఉంది, బొటనవేలు ఆనే చోట అరిగి. అందులో రెండే ముక్కలు: ఒక త, దాని కింద తావత్తు.