ఆనందమ్మ గాజు గిన్నె

గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతూ ఏబెల్ దాని చివర నోట పెట్టుకుని మెల్లగా ఊదాడు. ఎర్రగా మెత్తబడిన గాజు నిమ్మకాయంత ఉబ్బింది. కాలేజీ ప్రయోగశాలల్లో విరిగిన గాజు సామాన్లు బాగుచేయడం అతని పని. ఉద్యోగం అయిపోయినా, తిరుపతి కొర్లగుంటలో ఇంటి వెనక రేకుల షెడ్డులో పొద్దున్నే మంట వెలిగించందే అతనికి కాఫీ రుచించదు.

నడివయసు స్త్రీ ఒకామె గుమ్మంలోకి వచ్చి, పాత చీరముక్కలో చుట్టిన గిన్నె తీసి బల్లమీద పెట్టింది.

"బంగారుపాళ్యం నుంచి వస్తా ఉండా పెద్దాయనా, గాజు బాగుచేసేది మీరేనంట. అంచు పెచ్చు లేసింది. మాయమ్మ దీంట్లో పోస్తేనే గంజి తాగుతాది. నిన్న పెదవి కోసుకునింది. స్టీలు గిన్నె పెడితే మొగం తిప్పుకుంటా ఉండాది."

ఏబెల్ మంట ఆర్పేశాడు. దోసెడంత గిన్నె. తామరరేకులా బయటికి వంగిన అంచు. దాని కింద చుట్టూ సన్నటి నీలి గీత. ఒకచోట వణికి పైకి పోయింది. ఆ వణుకు తన చేతిదే.

"మీయమ్మ ఆనందమ్మ గదా? మెస్సు నడిపినామె?"

"అవును. నేను ఆమె కూతురు నాగవేణిని. మీకెట్లా తెలుసు?"

"ఈ గిన్నె చేసింది నేనే తల్లీ," అన్నాడు. తడలో కూలిపని చేసే ఇంటినుంచి తిరుపతి వచ్చి, కాలేజీ గాజు వర్క్‌షాపులో చేరిన ఏడాదే కాలుతున్న గొట్టం జారి అతని కుడి అరచెయ్యి కమిలిపోయింది. గేటు ఎదుట మెస్సు పెట్టుకున్న ఆనందమ్మ, కట్టు విప్పేదాకా పూటపూటా అన్నం కలిపి, ముద్దచేసి అతని ఎడమచేతిలో పెట్టింది. "సిగ్గెందుకబ్బా, తిను" అనేది. చెయ్యి మానాక అతను మొట్టమొదట చేసింది ఈ గిన్నెనే. పగిలిన పెద్ద ఫ్లాస్కు అడుగు కోసి, మంటలో అంచు విప్పి, నీలిగాజు తీగ చుట్టాడు. ఏమీ చెప్పలేక ఆమె ముందు పెట్టి వచ్చేశాడు. కొన్నేళ్ళకు మెస్సు మూతపడింది. ఆమె ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు.

"పాత గాజు. మంటకు పెడితే పగిలినా పగలొచ్చు. అరగదీస్తాను. నువ్వు గట్టిగా పట్టుకో తల్లీ, నా చేతులు ఈమధ్య వణుకుతా ఉండాయి."

నీళ్ళు చల్లుతూ ఉప్పుకాగితంతో అంచును రుద్దాడు. గరుకు పోయాక సన్నరకం ఉప్పుకాగితం తీసుకున్నాడు. చివరికి గిన్నె కడిగి, అంచును తన కింది పెదవికి ఆనించి చూసుకున్నాడు. ఎక్కడా గుచ్చుకోలేదు.

"నేనూ వస్తా," అన్నాడు.

చిత్తూరులో బస్సు మారి బంగారుపాళ్యం చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరంతా మామిడిపండ్ల వాసన. ఆనందమ్మ మంచంలో పిడికెడు మనిషైపోయింది. ఏబెల్ గిన్నెలో గంజి పోసి ఆమె పెదవులకు అందించాడు. ఆమె రెండు గుక్కలు తాగింది.

"అక్కా, నేను ఏబెల్‌ని."

ఆమె కళ్ళు చిట్లించి చూసింది. "గాజు పిల్లోడివా? యాడ, చెయ్యి సూడనీ."

అతను అరచెయ్యి చాపాడు. మచ్చమీద ఆమె వేలు నెమ్మదిగా తిరిగింది.

"బాగా మానిందబ్బా."

"నువ్వు పెట్టిన అన్నంతోనే మానిందక్కా. ఆ పొద్దు చెప్పలేకపోతిని."

"గిన్నె ఇచ్చినావు గదా, ఇంకేం చెప్పాల? ఇన్నేండ్లూ దీంట్లోనే పెరుగు తోడేసుకుంటిని." ఆమె కూతురి వైపు తల తిప్పింది. "నాగా, పిల్లోడు తిన్నాడో లేదో. అన్నం పెట్టు."

అరవయ్యారేళ్ళ పిల్లోడు వంటింట్లో కూర్చుని పప్పుచారు కలుపుకున్నాడు. నాలుక చివర్నుంచి ఎన్నాళ్ళదో బరువు దిగిపోయినట్టుంది. కడుపునిండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నాగవేణి తల్లి నుదుటిమీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆనందమ్మలో కదలిక లేదు.

"నిద్రపోతా ఉందనుకున్నా," అంది మెల్లగా.

ఏబెల్ మంచం పక్కన మోకరించాడు. "స్తోత్రం ప్రభువా," అనుకున్నాడు. తలగడ పక్కన, గాజు గిన్నెలో మిగిలిన గంజిమీద సన్నటి పొర కడుతోంది.