కరువుకు ముందే బయల్దేరినవాళ్ళు

మా ఆయనకి హంగేరీ పిచ్చి పట్టి చాలా ఏళ్ళయింది. పూర్తి పేరు రామలింగేశ్వరరావు. తెనాలి మనిషి. క్రైస్ట్‌చర్చ్‌లో ఒక యూనివర్సిటీలో లెక్కల లెక్చరర్. ఇక్కడివాళ్ళకి ఆ పేరు నోరు తిరగక "రామ్" అని సరిపెట్టుకున్నారు. అంత పొడుగు పేరున్నాయన ఒక్క సబ్జెక్టుతో ఆగుతారా? లెక్కలు, రాజకీయాలు, పర్యావరణం, ఇవి చాలవన్నట్టు పదకొండు వందల ఏళ్ళ కిందటి మగ్యార్లు. వాళ్ళు హంగేరీవాళ్ళ పూర్వీకులు. గుర్రాలెక్కి, గడ్డిమైదానాలు వదిలి, కొండలు దాటి ఇప్పుడున్న దేశానికి వచ్చారు. రిక్కార్టన్‌లో ఇండియన్ షాపుకి వెళ్ళి బెండకాయలు ఏరుతూ కూడా ఈయన వాళ్ళ సంగతే చెప్తారు. వినేవాళ్ళు నా వైపు జాలిగా చూస్తారు.

ఈయన ప్రశ్న ఒక్కటే. జనం తమ చోటు వదిలి ఎప్పుడు కదులుతారు? అక్కడి పాత ఓక్ దుంగల్లో వలయాలు ఉంటాయి. చెట్టు ఏడాదికొక వలయం వేస్తుంది, వానలు లేని ఏడు అది సన్నగా ఉంటుంది. అలా కరువు ఏ ఏడాదో పట్టుకున్నారు. మగ్యార్లు కొండలు దాటిన వసంతం ఏదో పాత చరిత్రల్లోంచి తీశారు. కరువు ముందు ఏడాది, ప్రయాణం ఆ మరుసటి ఏడాది అని తేలింది. దాని మీద ఒక సమీకరణం కట్టారు. దెబ్బ తగిలేదాకా జనం కదలరు, తగిలాక ఎవరూ చెప్పకుండానే కదులుతారు. అదంతా ఒక పరిశోధన పేపరుగా వేశారు, దానికి మంచి పేరొచ్చింది.

పేరొచ్చి ఊరుకుంటే నాకేం బాధ లేదు. మాకు గంట దూరంలో ఒక చిన్న ఊరుంది. దాని పేరు చెప్పను, అక్కడివాళ్ళకి ఉన్న కష్టాలు చాలు. నది గట్టు వెనక పల్లంలో ఒక వీధి. పోయిన శీతాకాలం నీళ్ళు గట్టు దాటి ఆ వీధి గుమ్మాలదాకా వచ్చాయి. ఊరి కౌన్సిల్ ఆ ఇళ్ళని ఇప్పుడే కొనేసి జనాన్ని మెరకకి పంపాలా, ఇంకో వరద వచ్చేదాకా ఆగాలా అని వాదన మొదలైంది. ఆగుదామన్నవాళ్ళ చేతికి మా ఆయన పేపరు దొరికింది. వరద వస్తే వాళ్ళే పోతారు, లెక్కలతో సహా రుజువైంది అని ఊదరగొట్టారు.

శ్రవణ్ ఇల్లు ఆ వీధిలోనే. స్టూడెంటుగా వచ్చిన కొత్తలో మా పక్క ఫ్లాట్‌లో ఉండేవాడు, భోజనం మాత్రం మా ఇంట్లోనే. నన్ను అక్కా అంటాడు, ఆయన్ని సార్ అంటాడు. ఇప్పుడు భార్య శరణ్య, నాలుగేళ్ళ కూతురు సిరి. మొదటి ఇల్లని ఎంత మురిసిపోయారో! ఆ పేపరు గురించి వాడు మా ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. వచ్చినప్పుడల్లా పెరట్లో వేసిన కొత్తిమీర తెచ్చి నా చేతిలో పెడతాడు. ఆ కొత్తిమీర చూస్తే నాకు ఒళ్ళు మండేది, వాడి మీద కాదు.

"మీ లెక్క పుణ్యమా అని వాడి ఇల్లు మునిగేట్టుంది కదండీ," అన్నాను ఒకసారి.

"లెక్క నా చుట్టం కాదు విజయా, నేను రమ్మన్నట్టు రావడానికి," అన్నారు. ఆయన కూడా సరిగ్గా నిద్రపోవడం లేదని నాకు తెలుసు. అయినా కోపం తగ్గలేదు.

కౌన్సిల్ ఓటు గురువారం. ఆ రోజు నిపుణుడిగా వచ్చి, వలయాల లెక్క కట్టే తన కంప్యూటర్ ప్రోగ్రాము తెర మీద నడిపి చూపించమని ఈయన్ని పిలిచారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరుల తప్పులు పట్టినందుకు నాకు జీతమిస్తారు. ఇంట్లో ఉచితంగానే చేస్తాననుకోండి. ఇన్నేళ్ళూ తన ప్రోగ్రాము నన్ను ముట్టుకోనివ్వని మనిషి, అందరి ముందూ ఆగిపోతుందేమోనన్న భయంతో ఆదివారం నా ముందు పెట్టారు.

మా పనిలో ఒక అలవాటుంది. ముందుగా జవాబు తెలిసిన ప్రశ్నే వేసి చూస్తాం. "ఎప్పుడు కొట్టారో ఖాయంగా తెలిసిన చెట్టు ఏదైనా ఉందా, హంగేరీది?" అని అడిగాను.

"ఉంది. రెండువేల పంతొమ్మిది డిసెంబరులో కొట్టిన ఓక్."

దాని వలయాల కొలతలు ప్రోగ్రాములో వేశాను. చివరి వలయం రెండువేల పద్దెనిమిదిదని చూపించింది.

"ఏడాది తక్కువ చూపిస్తోందేంటండీ?"

"అది తప్పు కాదు, పద్ధతి. చెట్టు పెరిగేది ఎండాకాలంలో. ఎండాకాలం మధ్యలో ఏడాది మారిపోతుంది కదా. అందుకని పెరగడం మొదలైన ఏడాదే వేస్తాం. ఇక్కడ అన్ని ల్యాబుల్లోనూ అంతే."

"మధ్యలో ఎందుకు మారుతుంది?"

"డిసెంబర్లో మొదలై ఫిబ్రవరి దాకా ఉంటుంది కాబట్టి," అని విసుక్కున్నారు. "ఇన్నేళ్ళుగా ఇక్కడున్నావ్, ఎండాకాలం ఎప్పుడో కూడా నేనే చెప్పాలా?"

"హంగేరీలో కూడానా?"

ఆయన తెర వైపు తిరిగారు. ముఖంలో రక్తం మొత్తం ఎటో పోయింది.

మే నెల వడగాడ్పులో తెనాలి మేడ మీద తడిగుడ్డ కప్పుకుని పడుకున్న మనిషి! ఎండాకాలం ఏ నెలలో వస్తుందో ఆయనకి పుట్టుకతో తెలుసు. హంగేరీ ఎండాకాలం కూడా తెనాలిలాగే ఏడాది మధ్యలోనే వచ్చి పోతుంది. ఇరవై ఏళ్ళు డిసెంబరు ఎండలో బార్బెక్యూలు తిని, ఈ దేశపు ఎండాకాలాన్నే ప్రపంచానికంతటికీ అంటగట్టారు. ఇక్కడి చెట్ల కోసం రాసిన ప్రోగ్రాములోనే అక్కడి దుంగల్నీ తోశారు, దాంతో ప్రతి వలయానికీ ఒక ఏడాది తగ్గిపోయింది. పేపరు చదివి మెచ్చుకున్న పెద్దలెవరికీ ప్రోగ్రాము లోపలికి తొంగిచూసే ఓపిక లేకపోయింది. నమ్మలేక నేను మళ్ళీ మళ్ళీ నడిపాను. ప్రతిసారీ అదే జవాబు.

"అంటే కరువు ముందు ఏడాది కాదు," అన్నారు చివరికి. "వాళ్ళు కొండలు దాటిన ఏడాదే. దాటింది వసంతంలో. కరువు ఆ తర్వాత ఎండాకాలం..."

"వాళ్ళ వెనకాల వచ్చింది," అన్నాను.

కరువు ఇంకా రాకముందే, పచ్చగా ఉన్న నేల వదిలి ఒక జాతి జాతంతా కలిసి బయల్దేరింది. అంటే సమీకరణం తలకిందులు. ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయారు.

బుధవారం సాయంత్రం ఇంకో దెబ్బ తగిలింది నాకు. "ఒంట్లో బాగాలేదని మెయిల్ పెట్టేస్తాను," అన్నారు కిటికీలోంచి చూస్తూ. "జర్నల్‌కి తప్పు సంగతి తర్వాత మెల్లగా రాసుకుంటాను."

తప్పు బయటపడినప్పటికంటే ఆ మాటకే నేను ఎక్కువ అదిరిపోయాను. లెక్క చుట్టం కాదన్న మనిషేనా ఈయన?

"వాడి ఇంట్లోకి నీళ్ళు మెల్లగా రావండీ," అన్నాను. అరవడానికి కూడా ఓపిక లేకపోయింది.

గురువారం పొద్దున ఆయనే కారు తాళాలు తీశారు.

కౌన్సిల్ హాల్లో వెనక వరసలో శ్రవణ్, శరణ్య కూర్చున్నారు. మా ఆయన తెర వెలిగించలేదు. "నా పేపరు తప్పు," అని మొదలుపెట్టారు. ఎండాకాలం సంగతి చెప్పారు. ఎవరో నవ్వారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి కానీ ఆగలేదు. "వాళ్ళు దెబ్బ తగిలేదాకా ఆగలేదు. ముందే కలిసి తేల్చుకుని కదిలారు. ఆగమని నా పేరు మీద ఎవరూ చెప్పకండి," అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద అంత గర్వం ఎప్పుడూ కలగలేదు.

ముందు వరసలో ఒకావిడ అడిగింది. "కరువు రాకముందే, వెళ్ళాలని వాళ్ళకి ఎలా తెలిసింది?"

"నాకు తెలియదు," అన్నారాయన.

కౌన్సిల్ అధ్యక్షుడు చాలా మర్యాదగా థాంక్స్ చెప్పాడు. ఆ తర్వాత సభ వైపు తిరిగి, ఈ విషయంలో మన దగ్గరున్న ఒకే ఒక్క పరిశోధన తప్పని రాసినాయనే ఒప్పుకున్నారు కాబట్టి, ఆధారం లేకుండా ఇళ్ళు కొనడం బాధ్యత అనిపించుకోదన్నాడు. కొత్త ఆధారం వచ్చేదాకా ఆగుదామన్నాడు. చేతులు లేచాయి. ఆగాలన్నవే ఎక్కువ.

పేపరు ఒప్పయినప్పుడూ ఆగమన్నారు, తప్పయినా ఆగమన్నారు. మా ఆయన అక్కడే మైకు ముందు నిలబడి ఉన్నారు. ఎవరో వచ్చి పక్కకి జరగమనేదాకా కదల్లేదు.

శనివారం మధ్యాహ్నం శ్రవణ్ కారు మా ఇంటి ముందు ఆగింది. వెనక సీటు నిండా మూటలు. "వచ్చేశాం అక్కా," అన్నాడు. "మా వీధిలో చాలామంది సర్దుకుంటున్నారు. అద్దె ఇల్లు దొరికేదాకా మీ దగ్గరే."

మా ఆయన గుమ్మంలోంచి ఆకాశం వైపు చూశారు. ఎండ కాస్తోంది. వారం దాకా వాన లేదని రేడియోలో చెప్పారు.

"ఇప్పుడే బయల్దేరాలని ఎలా అనిపించింది శ్రవణ్?" అని అడిగారు. హాల్లో ఆవిడ అడిగిన ప్రశ్నే అది.

వాడు శరణ్య వైపు చూశాడు. శరణ్య చెప్పింది. "సిరిని చూసే సార్. వాన చప్పుడైతే చాలు, నిద్రలోంచి లేచి రబ్బరు గంబూట్లు వేసుకుని మంచం మీద కూర్చుంటోంది. మేం లేపకుండానే. ఏడవదు, ఏం అడగదు. అలాగే కూర్చునుంటుంది. ఇంక ఆ ఇంట్లో ఉండబుద్ధి కాలేదు."

ఆయన మొహం మళ్ళీ ఆదివారం నాటిలా పాలిపోయింది.

లోపలి గదిలో సిరి అప్పుడే తన పసుపు గంబూట్లు మంచం పక్కన పెట్టుకుంటోంది. ఈయన వెళ్ళి, వాటిని తీసి వీధి గుమ్మం దగ్గర పెట్టబోయారు.

"నో అంకుల్," అంది ఆ పిల్ల. "దే స్టే హియర్."

మగ్యార్ల మీద ఇరవై ఏళ్ళు పనిచేసినాయన ఆ చిన్న బూట్లు పట్టుకుని మళ్ళీ మంచం దగ్గరికి వచ్చారు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, మంచం దిగగానే కాళ్ళు దూరేలా, వాటిని సరిగ్గా పెట్టారు.