చూసి రావడానికి

చెల్లెలు పోయిందన్న కబురు ఫోన్లో వచ్చినప్పుడు ఆమె కళ్లజోళ్ల దుకాణం వెనక గదిలో ఎవరిదో అద్దం అంచు అరగదీస్తోంది. విని, "సరే" అంది. ఆ అద్దాన్ని ఫ్రేములో బిగించి, తుడిచి, డబ్బాలో పెట్టాక గానీ కుర్చీలోంచి లేవలేదు.

చెల్లెల్ని ఇంట్లో అందరూ పిచ్చుక అనేవాళ్లు. ఒకచోట కుదురుగా ఉండేది కాదు. పరాయి దేశంలో ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికే పనికి కుదిరింది. రోడ్డు దాటుతుంటే బస్సు గుద్దింది. అంత్యక్రియలు తోటి పనివాళ్లే చేశారు. ఇంట్లోవాళ్లు ఫోన్ తెర మీద చూశారు. మధ్యలో సిగ్నల్ పోయి, మళ్లీ వచ్చేసరికి అంతా అయిపోయింది.

"అది ఉన్న గది ఒకసారి చూసి రావాలి," అంది ఆమె ఒకరోజు బట్టలు మడతపెడుతూ.

"ఇప్పుడక్కడ ఏముంటుందే?" అన్నాడు భర్త.

"తెలీదు. చూసి రావాలి."

ఆయన ఇంక అడ్డు చెప్పలేదు. తిండీ నిద్రా సరిగ్గా లేకుండా తిరుగుతున్న మనిషి ఇన్నాళ్లకు ఒకటి కావాలని అడిగింది, అదే పదివేలు అనుకున్నాడు.

ట్రావెల్స్ ఆఫీసు నడిపే ఆవిడది పెద్ద గొంతు. వీధి చివరికి వినిపించేలా అడిగింది. "అక్కడ మీవాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ల చేత రమ్మని ఒక ఉత్తరం రాయించుకుందాం."

"ఒకతె ఉండేది."

ఆవిడ గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అయితే టూరిస్టు వీసాకే పెడదాం అక్కా."

"అది సరదాగా తిరగడానికి వెళ్లేవాళ్లకు కదా?"

"చూసి వచ్చేవాళ్లకు. మీరు వెళ్తున్నదీ అందుకేగా? అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అబద్ధం దొరికిందంటే ఇక ఎప్పటికీ గుమ్మం తొక్కనివ్వరు." పాస్‌పోర్టు తిరగేసి నాలుక కరుచుకుంది. "దీని గడువు దగ్గర పడింది. మీరు తిరిగొచ్చే తేదీకి ఇంకా ఆరు నెలలు మిగిలుండాలట వాళ్లకు. ముందు కొత్తది చేయించండి. ఈలోగా టికెట్టు కొనేయకండి, వీసా రాకపోతే గోవిందా! బ్యాంకు కాగితాలు, దుకాణంలో సెలవిచ్చినట్టు ఉత్తరం, దిగబోయే చోటు వివరం, ఇవన్నీ కావాలి. మీరు మళ్లీ వెనక్కి వస్తారని వాళ్లకు నమ్మకం కుదరాలి. అదీ అసలు సంగతి."

ఆమె తల ఊపింది. చెప్పిన చోటికి వెళ్లడం, నిలబడమన్న చోట నిలబడడం ఆమెకు కష్టంగా లేదు. ఏమీ ఆలోచించనక్కర్లేదు. ఫోటో మాత్రం తిరిగొచ్చింది. కళ్లజోడు పెట్టుకుని దిగకూడదట. "ఊళ్లో అందరికీ కళ్లజోళ్లు తగిలించేదానివి, నీదే తీయమంటారా!" అని భర్త నవ్వించబోయాడు. జోడు తీసి దిగిన ఫోటోలో మొహం అచ్చం పిచ్చుకలా ఉంది. దాన్ని బోర్లించి కవరులో పెట్టింది.

వీసా ఆఫీసులో అద్దం అవతల ఆఫీసరు అడుగుతుంటే, పక్కనున్న అమ్మాయి మన భాషలో చెబుతోంది.

"ఎందుకు వెళ్తున్నారు?"

"మా చెల్లెలు ఉన్న గది చూడ్డానికి. తను చనిపోయింది."

ఆ అమ్మాయి ఆఫీసరుకి చెప్పింది. అతను కాగితాల మీంచి తలెత్తాడు.

"చూశాక?"

"వచ్చేస్తాను. దుకాణంలో అద్దాలు అరగదీసేది నేనొక్కదాన్నే."

"అక్కడ ఇప్పుడు మీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఆ మాట పైకి అనడం అదే మొదలు. వాళ్లకు కావలసిన జవాబు కూడా అదే కాబోలు, ఆఫీసరు తల ఊపి ఏదో రాసుకున్నాడు. ఆమె లేచి వచ్చేసింది. కొన్నాళ్లకు పాస్‌పోర్టులో వీసా అతికించి పంపారు. "వచ్చిందే!" అని భర్త కళ్లు తుడుచుకున్నాడు. ఆమె దాన్ని తీసుకెళ్లి బీరువాలో పెట్టింది.

ఆ పరాయి దేశంలో పిచ్చుక ఉన్న గది మూడో అంతస్తులో ఉంది. హోటల్ పని బట్టల్లో ఉన్న ఒక అమ్మాయి తలుపు తీసింది. భాష కలవలేదు. ఆమె ఫోన్లో చెల్లెలి బొమ్మ చూపించింది. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంది.

ఒక మంచం, ఒక కుర్చీ, ఎదుటి గోడ తప్ప ఏమీ కనిపించని కిటికీ. తాడు మీద ఆరేసిన బట్టల సబ్బు వాసన. పిచ్చుకది అంటూ ఒక్క వస్తువూ లేదు. ఆ అమ్మాయి పాపం తానేదో దాచేసినట్టు అరలన్నీ తెరిచి చూపించింది. తర్వాత గడియారం చూసుకుని, తాను పనికి వెళ్లాలనీ, ఆమెను ఉండమనీ సైగ చేసి వెళ్లిపోయింది.

ఆమె మంచం అంచున కూర్చుంది. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని చూసింది. ఏమీ అనిపించలేదు. ఒళ్లు మాత్రం రాయిలా బరువెక్కింది. అలాగే పక్కకు ఒరిగింది.

మెలకువ వచ్చేసరికి బయట పొద్దు వాలుతోంది. కాళ్లకు చెప్పులు లేవు, ఒంటి మీద దుప్పటి ఉంది. ఆ అమ్మాయి చప్పుడు కాకుండా నేల మీద కూర్చుని గిన్నెలోంచి ఏదో తింటోంది. కళ్లు కలవగానే సిగ్గుపడి, లేచి ఇంకో గిన్నె నింపి తెచ్చింది.

ఆమె తినేసింది. ఇంకొంచెం కావాలా అని అమ్మాయి గరిటె ఎత్తి చూపితే, గిన్నె ముందుకు చాచింది.